మంచు దులిపే తాడు

జూలై 9

పదకొండు రోజుల తరవాత వాన తెరిపిచ్చింది. పచ్చిక మీద అడుగేస్తే చెప్పు బుడుంగున దిగిపోతోంది. ఆరేదాకా దాని జోలికి పోకూడదని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. మా సూపరింటెండెంటు గారికి మాత్రం తెలియదు. ఆయన జేబులో నాలుగు పెన్నులుంటాయి, నాలుగింటిలో ఒక్కటీ రాయదు. సంతకం పెట్టాల్సొస్తే ఎదుటివాడి పెన్ను అడుక్కుంటాడు. ఆసుపత్రి మెట్ల మీదే నిలబడి, బూటుకి తడి అంటకుండా, "ఏమయ్యా చిన్నమాలీ, రేపు బోర్డు వాళ్లు వస్తున్నారు. ఇదేమిటి అడవిలాగా? సాయంత్రానికల్లా నున్నగా చేసెయ్" అన్నాడు.

చిన్నమాలి! నాకు యాభై ఆరేళ్లు. పెద్దమాలి, అంటే మా అన్నయ్య, పోయి తొమ్మిదేళ్లయింది. తొమ్మిదేళ్లుగా ఈ తోటకి పెద్దని నేనే. అయినా స్వీపరు దగ్గర్నుంచి సర్జను దాకా అందరికీ నేను చిన్నమాలినే. అన్నయ్య పోతూ పోతూ ఆ పేరొకటి నా నెత్తిన పెట్టి పోయాడు.

కోశాను. తడిగడ్డి మింగి మిషను రెండుసార్లు ఆగిపోయింది. ఈ తోటలోనే పనిచేసే మా వదిన గొడుగేసుకుని గట్టు మీద నిలబడి, "తడి మీద కొయ్యకు మరిదీ. మీ అన్నయ్య అయితే ఆరేదాకా మిషను బయటికే తీసేవారు కాదు" అంది. మీ అన్నయ్య, మీ అన్నయ్య. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బ్లేడు ఇంకో మెట్టు కిందికి దించి కోశాను.

అసలు గడ్డి ఇంత ఏపుగా లేవడానికి కారణం వానకి ముందు నేను చల్లిన యూరియా. రెండింతలు చల్లాను. ఆ సంగతి ఎవరూ చెప్పుకోరు.

జూలై 10

బోర్డు వాళ్లు ఏడుగురు వచ్చారు. ఏడుగురికీ కలిపి గడ్డికీ గోధుమకీ తేడా తెలియదు. నడక నేర్పే డాక్టరమ్మ వాళ్లకి పచ్చిక చూపించి, "పక్షవాతం వచ్చినవాళ్ల చేత మొదటి అడుగులు ఇక్కడే వేయిస్తామండీ. పడ్డా దెబ్బ తగలదు. ఉత్త పాదానికి గడ్డి తగిలితే కాలికి కొంచెం తెలివొస్తుంది" అంది. వాళ్లు ఆహా ఓహో అన్నారు.

అంతటితో ఆగితే బాగుండేది. అందులో ఒక ముసలాయన ఎప్పుడో ఇక్కడే నడక నేర్చుకున్నాడట. "పెద్దమాలి పచ్చిక చెక్కుచెదరలేదే! ఆవిడ ఇంకా తాడు లాగుతోందా?" అని అడిగాడు. ఆవిడ అంటే మా వదిన. తాడంటే అన్నయ్య చిరిగిన ఆసుపత్రి దుప్పట్లు పేని చేసిన తాడు. ఒక కొస మధ్యలో ఉన్న కుళాయి గుంజకి కట్టి, రెండో కొస పట్టుకుని గుండ్రంగా తిరగడం, గడ్డి మీది మంచు దులపడం. రోజూ తెల్లవారగానే ఇదొక తంతు. ఎండొస్తే మంచు దానంతటదే పోతుంది కదా! గడ్డికి తల దువ్వినట్టు ఆ దువ్వుడేమిటో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ఏడుగురూ వదిన దగ్గరికి పోయి ఆ తాడు పట్టుకుని చూశారు. నా మిషను వంక ఒక్కడూ చూడలేదు.

జూలై 14

పొద్దున్నే గడ్డి మీద సాలెగూడులాగా తెల్లటి బూజు. ఎండెక్కేసరికి మాయమైంది. దాని కింద గడ్డి చూస్తే ఉడకబెట్టినట్టు మెత్తబడి గోధుమరంగుకి తిరిగింది. అన్నం పళ్లెమంత మచ్చలు. చిత్రమేమిటంటే ఎక్కడపడితే అక్కడ లేవు. మిషను తిప్పిన వరసలోనే, గీత గీసినట్టు ఉన్నాయి.

వదిన వంగి ఒక పోచ పీకి, వాసన చూసి, నా వంక చూసింది. ఆ చూపు చాలు, 'మీ అన్నయ్య' అన్నట్టే లెక్క.

జూలై 15

మచ్చలు నిన్న పన్నెండు. ఇవాళ ముప్పై ఒకటి.

జూలై 16

బస్సు డ్రైవరు మచ్చ మీద కాలేసి జారాడు. ఆయనకి ఎడమ కాలు పడిపోయి మూడు నెలలైంది. వారం రోజులుగా పచ్చిక మీద కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు. పడ్డా దెబ్బేం తగల్లేదు కానీ చెయ్యంతా జిగురు. "నలభై మందిని ఎక్కించుకుని కొండ మలుపులు తిప్పినవాణ్ణండీ, నా కాలు నేను తిప్పుకోలేకపోతున్నాను" అని అక్కడే కూర్చుని ఏడ్చాడు. అంత పెద్ద మీసాలు పెట్టుకుని ఆ ఏడుపేమిటి! చూడలేక ఇటు వచ్చేశాను.

డాక్టరమ్మ పచ్చిక చుట్టూ రిబ్బను కట్టేసింది. ఇక అందరికీ వరండాలో బండల మీదే నడక.

మధ్యాహ్నం సూపరింటెండెంటు పిలిచాడు. "దీనికి ఎవరు బాధ్యులో రాసివ్వు. పైకి పంపాలి."

రాసిచ్చాను. ఆయన దగ్గర రాసే పెన్ను లేదు, నా పెన్నుతోనే రాశాను. తెగులు తగిలిన గడ్డి మీద లాగిన తాడు మంచి గడ్డి మీద లాగితే తెగులు పాకుతుందని, తాడు వాడొద్దని ఇదివరకే చెప్పినా వినలేదని రాశాను. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. తడి తాడు తెగులు మోస్తుంది. ఏ పుస్తకంలోనైనా ఉంటుంది.

జూలై 17

వదినని లాండ్రీకి మార్చారు. అక్కడ ఎప్పటినుంచో ఒక మనిషి తక్కువట. నేను మార్చమనలేదు. ఎవరు బాధ్యులని అడిగారు, చెప్పాను. మార్చింది వాళ్లు.

తాడు చుట్టగా చుట్టి నా చేతికిచ్చింది.

"నువ్వేనా రాసింది?"

"అడిగారు, రాశాను."

"సరేలే" అంది. గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. తిట్టొచ్చుగా! నాలుగు తిట్టి పోతే నాకు ఈ తలనొప్పి ఉండేది కాదు. ఆ 'సరేలే' ఒకటి పొద్దున్నుంచీ చెవిలో జోరీగలాగా తిరుగుతోంది.

తాడు షెడ్డులో మేకుకి తగిలించాను.

జూలై 19

మందు కొట్టాను. ఇక చూసుకోవచ్చు.

జూలై 22

తాడు పోయి అయిదు రోజులైంది కదా, మచ్చలు తగ్గాలి. రెండు మచ్చలు కలిసి ఒకటవుతున్నాయి, ఒకటి పక్కకి పాకి మూడవుతోంది. పురుగుమందుల కొట్టువాడు పోయినసారి ఇచ్చింది పాత సరుకై ఉంటుంది. అడిగితే, "నీళ్లు సాయంత్రం పెడుతున్నావా, పొద్దున పెడుతున్నావా?" అని నన్నే ఎదురడిగాడు. సాయంత్రమే పెడతాను. చల్లపూట పెట్టక మిట్టమధ్యాహ్నం పెడతారా! "రాత్రంతా తడితో ఉంటే బూజుకి పండగే కదయ్యా" అని నవ్వాడు. వాడు మొక్క ముఖం చూసి ఎన్నేళ్లయిందో. డబ్బాల మధ్య కూర్చుని సలహాలు.

సూపరింటెండెంటు కొత్త ఆలోచన తీశాడు. ఆగస్టు నెలాఖరుకి గడ్డి కుదుటపడకపోతే మొత్తం పీకించి సిమెంటు పలకలు పరిపిస్తాడట. "శుభ్రంగా కడుక్కోవచ్చు" అన్నాడు. మనుషులు పడేచోట సిమెంటు! పక్కనే ఎముకల వార్డు ఉందిగా, ఎత్తుకుపోవడానికి వీలనుకున్నాడేమో.

జూలై 26

మా ఆవిడ వదినని చూసి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి గిన్నెలు మామూలు కంటే గట్టిగా పెడుతోంది. అయినా నేను అడగలేదు. తనే చెప్పింది.

"అక్కకి ఆయాసం ఎక్కువైంది. ఆ ఆవిరికీ సబ్బు పొడికీ ఊపిరి ఆడడం లేదు. రెండు మెట్లెక్కితే ఆగిపోతోంది."

"ఆవిడకి ఆయాసం ఎప్పుడూ ఉన్నదే."

"ఉన్నదే. అందుకే బావగారు ఆవిణ్ణి గాలి తగిలే పనిలో పెట్టించారు. మీకు తెలీదూ?"

తెలుసు. తెలియకేం.

"బావగారి మీద కోపం ఉంటే ఆయన ఫొటో ముందు నిలబడి తిట్టండి. ఆవిడ ఊపిరి తీయకండి" అని కంచం నా ముందు పెట్టి పక్కగదిలోకి పోయింది. నాకు అన్నయ్య మీద కోపమేమిటి? చచ్చినవాడి మీద ఎవరికైనా కోపం ఉంటుందా? ఆడవాళ్లకి ప్రతిదానికీ ఒక కథ కావాలి.

జూలై 28

చిరిగిన గుడ్డలకోసం లాండ్రీకి వెళ్లాను. పంపు మూతకి చుట్టడానికి. వేరే పనేమీ లేదు.

లాండ్రీ వెనక, బట్టలారేసే తీగల కింద ఒక పచ్చిక ముక్క ఉంది. నాలుగు మంచాలు పడతాయి. పెద్ద పచ్చిక వేసినప్పుడు మిగిలిన పిలకలు అన్నయ్య అక్కడ గుచ్చాడు. అదే గడ్డి, అదే వాన. అందులో ఒక్క మచ్చ లేదు. ముట్టుకుంటే చెయ్యి తీయబుద్ధి కాలేదు.

వదిన లోపలినుంచి దగ్గుకుంటూ వచ్చింది. ముఖం పీక్కుపోయింది. భుజం మీద కొత్త తాడు, చిరిగిన దుప్పట్లతో పేనింది.

"ఇక్కడ కూడానా?" అన్నాను.

"ఏం చేస్తాను, పొద్దున్నే చెయ్యి ఊరుకోదు. కొడవలితో పైపైన కోస్తున్నా. మిషను ఇక్కడిదాకా రాదుగా" అంది.

మిషను ఇక్కడిదాకా రాదుగా. మామూలుగానే అంది. ఎత్తిపొడుపు లేదు.

గుడ్డలు తీసుకోకుండానే వచ్చేశాను.

జూలై 29

అక్కడ ఎండ ఎక్కువ. అదీ సంగతి.

జూలై 30

మూడుసార్లు వెళ్లి చూశాను. పొద్దున పది దాటితే అక్కడ ఎండ ఉండదు. లాండ్రీ నీడ పడుతుంది.

అయితే సబ్బునీళ్ల మహిమ అయి ఉంటుంది.

జూలై 31

సబ్బునీళ్లు అటువైపు పోవు. కాలవ ఇటు ఉంది.

ఆగస్టు 1

ఈ డైరీ పురుగుమందుల కొట్టువాడు ఊరికే ఇచ్చింది. ప్రతి పేజీ అడుగున ఒక పురుగు బొమ్మ. ఇవాళ వెనక్కి తిప్పి జూలై 14 చదివాను. మిషను తిప్పిన వరసలోనే, గీత గీసినట్టు. నా చేత్తో నేనే రాశాను. తాడు గుండ్రంగా తిరుగుతుంది. కుళాయి చుట్టూ. గుండ్రంగా తిరిగే తాడు గీత గీసినట్టు వరసలో తెగులు ఎలా పెడుతుంది? జూలై 14న రాసినవాడికి ఈ ముక్క తట్టలేదు. జూలై 16న పెన్ను తీసినవాడికి తట్టి ఉండాలి. తట్టిందా?

షెడ్డుకి వెళ్లి మిషను వెల్లకిలా తిప్పాను. బ్లేడు చుట్టూ కుళ్లిన గడ్డి ముద్ద, నాలుగు వేళ్ల మందాన. దాని కంపుకి కళ్లు తిరిగాయి. జూలై తొమ్మిది నుంచి అది కడగలేదు. మధ్యలో మూడుసార్లు దాంతోనే కోశాను. తడి మీద కోత, కురచ కోత, రెండింతల యూరియా, సాయంత్రం నీళ్లు. కోసిన చోటల్లా పుండు చేసి, పుండు మీద బూజు పూసి, దానికి కడుపునిండా తిండి పెట్టి, రాత్రికి తడిగుడ్డ కప్పాను. బూజుని ఇంతకంటే గారాబంగా ఎవడూ పెంచి ఉండడు.

ఆ మంచు గడ్డి మీద ఉన్నంతసేపూ బూజు పాకుతుంది. అన్నయ్య తాడు చేసేది అదొక్కటే, మంచుని ఒక గంట ముందు దింపడం. అంతే. అది అర్థం కావడానికి చదువక్కర్లేదు. నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

ఆగస్టు 2

తెల్లవారుతుండగా తాడు తీశాను. ఎవరూ లేరనుకున్నా, గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి మరీ చూశాడు. "చిన్నమాలిగారూ, మీరు కూడానా!" అని పకపకా నవ్వాడు. వాడి ముఖానికి ఆ నవ్వొకటి తక్కువ.

తాడు తిన్నగా రాదు. కొస బరువుకి మధ్యలో లేచిపోతుంది. నడుం వంచి, చెయ్యి కిందికి పెట్టి, ఒకే అడుగు లెక్కలో తిరగాలి. ఒక చుట్టుకే నాకు రొప్పు వచ్చింది. వదిన ఆ ఆయాసంతో పద్దెనిమిదేళ్లు తిరిగింది.

ఆగస్టు 3

మిషను కడిగాను, బ్లేడు మూడు మెట్లు పైకి లేపాను. చచ్చిన గడ్డి గీరి, తీసి, దూరంగా తగలబెట్టాను. నేలంతా ముళ్లగడ్డపారతో పోట్లు పొడిచాను, నిలిచిన నీళ్లు దిగిపోవాలి కదా. పోట్లలో ఇసక. యూరియా సంచీ మూతి కట్టేశాను. నీళ్లు పొద్దునపూటే.

ఖాళీలు పూడ్చడానికి పిలకలు కావాలి. తెగులు లేని పిలకలు ఈ కాంపౌండు మొత్తంలో ఒక్కచోటే ఉన్నాయి.

ఆగస్టు 4

అడిగాను. ఎలా అడిగానో రాయను.

"గడ్డి నాదా, ఆసుపత్రిది. తీసుకుపో" అంది వదిన. తనే కూర్చుని వేళ్లతో సహా తీసి, తడి గోనె మీద పేర్చింది. మధ్యలో రెండుసార్లు దగ్గు తెర వచ్చి ఆగిపోయింది. నేను పక్కకి చూశాను. "జానెడు దూరంలో గుచ్చు. దగ్గర దగ్గర గుచ్చితే గాలాడదు" అని చెప్పింది. గాలాడక తను దగ్గుతూ, గడ్డికి గాలాడాలని నాకు చెబుతోంది.

చెప్పాల్సిన మాట నాలిక చివరిదాకా వచ్చింది. గోనె ఎత్తుకుని వచ్చేశాను.

ఆగస్టు 9

పిలకలు పట్టాయి. కొత్త మచ్చ లేదు.

ఆగస్టు 15

మచ్చల అంచుల నుంచి పచ్చగా మూసుకొస్తోంది. గుచ్చినవన్నీ పక్కకి తీగలు వేశాయి. పది రోజులాగితే రిబ్బను తీసేయొచ్చని డాక్టరమ్మకి చెప్పాను. వరండాలో బస్సు డ్రైవరు గోడ పట్టుకుని నిలబడి, "గడ్డి వచ్చేదాకా అడుగు వెయ్యనండీ, ఈ బండలంటే నాకు భయం" అన్నాడు. నెల రోజులుగా ఆయన కాలు కదలలేదని డాక్టరమ్మ పక్కకి పిలిచి చెప్పింది. అదీ నా ఖాతాలోదే.

ఆగస్టు 17

ఇవాళ జరిగినంత అవమానం నాకు ఎప్పుడూ జరగలేదు. నన్ను పొగిడారు.

సూపరింటెండెంటు మెట్లు దిగి, మొదటిసారిగా గడ్డి మీదిదాకా వచ్చి, నా భుజం తట్టి, నలుగురి ముందూ అన్నాడు. "చూశారా! ఆవిణ్ణి తీసేశాక ఎలా బాగుపడిందో. చిన్నమాలి రాసింది అక్షరాలా నిజం."

నేను తల ఊపాను. ఊపాను! నా తల మీద నాకే అసహ్యం వేసింది. అంటే నేను గడ్డి ఎంత బాగు చేస్తే వదిన తప్పు అంత రుజువవుతుందన్నమాట. ఆవిడ పిలకలు, ఆవిడ తాడు, ఆవిడ చెప్పిన జానెడు. వాటితోనే ఆవిణ్ణి దోషిని చేశాను.

ఆగస్టు 18

వదిన లాండ్రీలో కూలబడింది. పైన వార్డులో పడుకోబెట్టి ముక్కుకి ఆవిరి గొట్టం పెట్టారు. సాయంత్రానికి తేరుకుంది. రేపట్నుంచి మళ్లీ అక్కడికే పనికి పోవాలి. మా ఆవిడ ఇవాళ గిన్నెలు చప్పుడు చేయలేదు. అది ఇంకా భయంగా ఉంది.

ఆగస్టు 19

సూపరింటెండెంటు గదికి వెళ్లాను. తలుపేసి అంతా చెప్పాను. మిషను, యూరియా, నీళ్లు, వరసలు. జూలై 14 పేజీ చూపించాను.

ఆయన పురుగు బొమ్మ వంక చూశాడు.

"ఇదంతా ఇప్పుడెందుకయ్యా? గడ్డి బాగుపడిందిగా. ఫైలు కూడా మూసేశాం."

"వదిన తప్పు లేదు సార్. ఆవిణ్ణి తోటకి పంపండి."

"మరి లాండ్రీలో ఎవరుంటారు? అక్కడొక మనిషి ఉండాలి. ఆ మనిషి ఎవరన్నది నాకు అనవసరం, లెక్కకి ఒకరు ఉండాలి."

"నేనుంటాను."

"నువ్వా! తోటకి పెద్దమాలివి నువ్వు."

తొమ్మిదేళ్లుగా ఎదురుచూసిన మాట. ఎప్పుడన్నాడో చూడండి.

"లాండ్రీకి నా పేరు రాయండి సార్. తాడు తప్పు కాదని కూడా రాయండి" అన్నాను. ఆయన జేబు తడుముకున్నాడు. నా పెన్ను ఇచ్చాను.

ఆగస్టు 21

షెడ్డు తాళం, మిషను తాళం, తాడు, మూడూ వదినకి అప్పగించాను. జూలై 16న ఏం రాశానో, ఎందుకు రాశానో చెప్పాను. "నీ మీద కాదు వదినా, అన్నయ్య మీద" అన్నాను. అంతకంటే సరిగ్గా నాకు చెప్పడం రాలేదు.

"తెలుసు" అంది.

"తెలిసి ఊరుకున్నావా?"

"మీ అన్నయ్య ఉండగానే చెప్పారు. 'వాడికి నా మీద గుర్రు. గడ్డి మీద మాత్రం ప్రేమ, ఎప్పటికైనా గడ్డే దారికి తెస్తుంది' అన్నారు. నెల రోజులు పడుతుందని మాత్రం చెప్పలేదు." నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు ఆగాక, "నీకు దుప్పటి మడతపెట్టడం కూడా రాదు కదయ్యా, అక్కడ ఏం వెలగబెడతావ్?" అంది.

చచ్చి తొమ్మిదేళ్లయినా ఆ మనిషి నా గురించి ముందే చెప్పి పెట్టాడు. ఒళ్లు మండింది. అలవాటు ప్రకారం మండింది కానీ, ఎక్కువసేపు మండలేదు.

ఆగస్టు 24

లాండ్రీ గురించి: వేడి. సబ్బు. అరుపులు. దుప్పటి అంచులు కలవలేదని ఇద్దరు ఆడవాళ్లు నన్ను రోజుకి పదిసార్లు కడిగి ఆరేస్తున్నారు. ఇక్కడ నన్ను చిన్నమాలి అని ఎవరూ పిలవరు. 'కొత్తాయన' అంటున్నారు. యాభై ఆరేళ్లకి కొత్తాయన!

ఆగస్టు 28

డాక్టరమ్మ రిబ్బను తీసేసింది. ఇస్త్రీ బల్ల పక్కన కిటికీలోంచి పచ్చిక సగం కనిపిస్తుంది. బస్సు డ్రైవరు చెప్పులు విప్పి, డాక్టరమ్మ భుజం పట్టుకుని, ఎడమ కాలు ఈడ్చి గడ్డి మీద పెట్టాడు. తరవాత భుజం వదిలేశాడు. తొమ్మిది అడుగులు. ఏదో రాజ్యం గెలిచినట్టు మీసాలు తిప్పడమొకటి! తొమ్మిదడుగులకే ఇంత ఆర్భాటం చేసేవాడు పదో అడుగుకి ఊరేగింపు అడుగుతాడు.

ఇస్త్రీపెట్టె కింద దుప్పటి కాలింది. చివాట్లు తిన్నాను.

సెప్టెంబరు 3

వదిన దగ్గు తగ్గిందని మా ఆవిడ చెప్పింది. నాతోనే చెప్పింది, గోడతో కాదు.

సెప్టెంబరు 6

ఇవాళ వదిన తాడు లాగడానికి ఆలస్యంగా వచ్చింది. అప్పటికి గడ్డి మీద ఎండ పడింది. కిటికీలోంచి నేను చూశాను, ఈసారి ఎవరికీ చెప్పలేదు.